గీత దాకా

పేరయ్య పికప్పు ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని సిలారు షెడ్డుకి వచ్చేసరికి పొద్దున తొమ్మిదైంది. రెండేళ్ళు కళ్లం పక్కన రేకుల కింద పడి ఉన్న బండి. టైర్లలో గాలి లేదు, వెనక తొట్టిలో గడ్డి మొలిచింది, ముందు బంపరు మధ్యలో లోపలికి సొట్ట పడింది. చక్రాలకి పట్టిన నల్లరేగడి బురద ప్రత్తిపాడు రోడ్డు పొడుగునా ముద్దలు ముద్దలుగా రాలుతూ వచ్చింది.

"ఏందయ్యా సిలారూ, బతుకుద్దా ఇది?" అన్నాడు పేరయ్య ట్రాక్టరు మీంచి దిగకుండానే.

"బతక్కేం బాబాయ్. నేను పోసిన ప్రాణమేగా."

సిలారు గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గాని, ఈ బండి దగ్గర మాత్రం ఆ మాట ఆపుకోలేడు. పుట్టుకతో ఇది పెట్రోలు బండి. దాని తాగుడు భరించలేక పేరయ్య అమ్మేస్తానంటే, సిలారు ఆ ఇంజను దించి, పాత వ్యానుది డీజిలు ఇంజను తెచ్చి ఎక్కించాడు. డీజిలు ఇంజను తాళం తిప్పితే ఆగదు కాబట్టి, పెట్రోలు రోజుల్లో చోక్‌గా ఉన్న నాబుకే తీగ తగిలించి, అది లాగితే డీజిలు కట్టయి ఇంజను ఆగేట్టు చేశాడు. అప్పట్నుంచి చుట్టుపక్కల ఊళ్ళలో అతనికి ఇంజన్లు మార్చే సిలారని పేరు పడిపోయింది.

"శుక్రవారం పొద్దున్నే పెదనందిపాడుకి మిరపనారు ట్రేలు పోవాలి. కొత్తగా నర్సరీ పెట్టా, మొదటి లోడే ఆలస్యమైతే ఎవడూ మళ్ళీ మొహం చూడడు," అన్నాడు పేరయ్య.

"ఇచ్చేస్తాలే. మరి డ్రైవరు?"

"చూస్తన్నా. ముసలోళ్ళని మాత్రం పెట్టను. కాలు ఒకచోట, బుర్ర ఒకచోట. మా ఇంటిదాని చెయ్యి చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుద్ది."

పేరు చెప్పకపోయినా అది యలమంద గురించి. పద్దెనిమిదేళ్ళు ఈ బండి నడిపిన మనిషి. రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో, మిరపకాయల బస్తాలతో చేలోంచి కళ్లం గట్టెక్కుతుండగా బండి ఒక్కసారిగా అరిచి ముందుకి ఉరికింది. ఆరబోసిన కాయల్ని తొక్కుకుంటూ పోయి రేకుల షెడ్డు స్తంభానికి కొట్టుకుని ఆగింది. ఆ స్తంభం పక్కనే తాలుకాయలు ఏరుతూ కూర్చున్న పేరయ్య భార్య కోటిరత్నం తప్పుకోబోయి పడింది, కుడి మణికట్టు విరిగింది. యలమంద, "నేను బ్రేకే తొక్కాను, అది దానంతటదే అరిచింది," అన్నాడు. మర్నాడు పేరయ్య కబురు పెడితే సిలారు వెళ్ళి స్టార్ట్ చేసి చూశాడు. బండి బుద్ధిగా తిరిగింది. పెడలు తొక్కితే లేచింది, వదిలితే దిగింది. "బండిలో ఏ తప్పూ లేదు బాబాయ్," అన్నాడు. ఆ ఒక్క మాటతో ఊరందరికీ అంతా అర్థమైపోయింది. అరవై దగ్గర పడ్డ మనిషి కదా, బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కాడు, అంతే.

పేరయ్య తాడు విప్పుకుని వెళ్ళిపోయాడు. సిలారు చొక్కా మార్చుకుని బానెట్టు ఎత్తాడు. బ్యాటరీ పెట్టే చోట ఎలుకలు పత్తి, గోనెపీచు తెచ్చుకుని మెత్తగా పరుపు వేసుకున్నాయి. సిలారుకి నవ్వొచ్చింది. గూడుని రెండు చేతులా ఎత్తి గోడ పక్కన పెట్టి, పని మొదలుపెట్టాడు.

మొదటి రోజంతా డీజిలు టాంకుతోనే సరిపోయింది. అడుగున డీజిలు బెల్లంపాకంలా ముదిరి నల్లగా పేరుకుంది. టాంకు దించి, గుప్పెడు గులకరాళ్ళు వేసి, కిరసనాయిలు పోసి, ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లని ఊపినట్టు ఊపాడు. రాళ్ళు గరగరలాడుతూ లోపలి తుప్పుని రాల్చాయి. నాలుగుసార్లు కడిగితే గాని కిరసనాయిలు తెల్లగా రాలేదు. సాయంత్రం వెనక లైట్లు చూశాడు. బ్రేకు లైటు గ్లాసు వెనక కందిరీగలు మట్టిగూడు కట్టాయి. దాన్ని గీకేసి, రెండు వైపులా కొత్త బల్బులు పెట్టాడు.

మంగళవారం పొద్దున ఏడున్నరకి, రోజూ లాగే, యలమంద సైకిలు మీద వచ్చాడు. ఊరి చివర కోల్డ్ స్టోరేజీ దగ్గర గేటు తీసే పని అతనిది. ఒకప్పుడు సిలారు షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగందే యలమందకి రోజు మొదలయ్యేది కాదు. ఇప్పుడు షెడ్డు దగ్గరికొచ్చేసరికి రోడ్డుకి అవతలి పక్కకి వెళ్ళిపోతాడు. ఇవాళ షెడ్డులో పికప్పుని చూశాడు. సైకిలు కాస్త తూలింది. మళ్ళీ నిలదొక్కుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

సిలారు చేతిలో పానాతో అలాగే నిలబడ్డాడు. పిలుద్దామనుకున్నాడు గాని, పిలిచి ఏమనాలో తోచలేదు.

ఆ రోజు బ్రేకులు పట్టాడు. నాలుగు చక్రాలూ విప్పి, బిగుసుకుపోయిన పిస్టన్లని నూనె పెట్టి సుత్తితో చిన్నగా తడుతూ కదిలించాడు. అరిగిన బ్రేకు లైనింగులు తీసేసి కొత్తవి వేశాడు. తర్వాత డీజిలు చిమ్మే నాజిళ్ళు నాలుగూ తీసి చేతిపంపుకి తగిలించి కొట్టి చూశాడు. మూడు పొగలాగ చక్కగా చిమ్మాయి. నాలుగోది ధారకట్టింది. దాన్ని విప్పి, మొనని నూనెరాయి మీద వేలితో తిప్పుతూ తిప్పుతూ రుద్ది, మళ్ళీ పెట్టి కొట్టాడు. అదీ పొగలాగ చిమ్మింది. బాగుపడ్డ ఇనుముని చూస్తే సిలారుకి కలిగే సంతోషం ఇంకెందులోనూ కలగదు.

బుధవారం మధ్యాహ్నానికి ఒక్క ఎయిర్ క్లీనరు మిగిలింది.

అదొక నల్ల డబ్బా. దాని అడుగున గిన్నె, గిన్నెలో కొంచెం ఆయిలు ఉంటాయి. ఇంజను పీల్చే గాలి నడిమి గొట్టంలోంచి కిందికి దిగి, ఆయిలు మీదుగా మళ్ళి, దుమ్ముని అక్కడ వదిలేసి ఇంజనులోకి పోతుంది. గిన్నెని పట్టి ఉంచేవి రెండు క్లిప్పులు. వేలితో లేపితే ఊడొస్తాయి, పానా కూడా అక్కర్లేదు. సిలారు రెండూ లేపి గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. పాత ఆయిలు ఒలకబోసి, డీజిలులో గుడ్డ ముంచి లోపల తుడిచాడు. చుట్టూ ఒక గీత బయటపడింది. ఆయిలు ఎంతవరకు పొయ్యాలో చెప్పే గీత. మామూలుగానే దాన్ని చూసి, మామూలుగానే పైన గొట్టం వైపు చూశాడు. చెయ్యి ఆగిపోయింది.

గొట్టం మూతి దగ్గర్నుంచి పైకి రెండు వేళ్ళ మేర నల్లటి జిడ్డు మరక ఎండిపోయి ఉంది. గొట్టం ఆయిల్లో మునిగి ఉంటే తప్ప అలాంటి మరక పడదు. మునగకూడదు. ఆయిలుకీ గొట్టానికీ మధ్య జాగా ఉండాలి.

సిలారు ఒక చీపురుపుల్ల తెచ్చి గొట్టం పొడుగు కొలిచాడు. అదే పుల్లని గిన్నె అంచు దగ్గర పెట్టి చూశాడు. పుల్ల కొస గీతకి రెండు వేళ్ళు కిందికి వెళ్ళింది. మళ్ళీ కొలిచాడు. అంతే. తర్వాత ఇంజనులోకి పోయే రబ్బరు గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టాడు. వేలు నల్లగా జిడ్డు కారుతూ బయటికొచ్చింది. ఉత్త గాలి మాత్రమే పోవాల్సిన దారి అది.

అతను బల్ల మీద కూర్చుండిపోయాడు.

ఆ గిన్నె ఈ బండిది కాదు. పాతది తుప్పుపట్టి కారుతుంటే, ప్రమాదానికి ముందురోజు తనే ఒక ట్రాక్టరు గిన్నె తెచ్చి బిగించాడు. మూతి సరిపోయింది, లోతు సరిపోయింది, క్లిప్పులు టక్కున పడ్డాయి. ఆ ట్రాక్టరుకి లోపలి గొట్టం పొట్టి, అందుకని దాని గీత పైకి ఉంటుంది. ఈ బండి గొట్టం పొడుగు. ఆ సంగతి ఆ రోజు తట్టలేదు. డబ్బాలో ఆయిలు కొంచెమే ఉంటే అదే పోసి, "నువ్వు ఇంటికి పొయ్యాక గీత దాకా పోసుకో అన్నా. తగ్గనియ్యమాక, దుమ్ము పోద్ది," అని చెప్పాడు. యలమంద చెప్పిన మాట పొల్లుపోనిచ్చే మనిషి కాదు.

అంత ఆయిలు పోస్తే మామూలు దారిలో ఏమీ కాకపోవచ్చు. బరువుతో గట్టెక్కేటప్పుడు ఇంజను గట్టిగా పీల్చుకుంటుంది. గాలితోపాటు ఆయిలూ లోపలికి పోతుంది. డీజిలు ఇంజనుకి ఆయిలు కూడా తిండే. అది తింటూ పరుగందుకుంటే, డీజిలు కట్టేసినా ఆగదు. ఉన్న ఆయిలు తినేశాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు బుద్ధిగా తిరుగుతుంది. మర్నాడు తను చూసింది ఆ బుద్ధినే.

అప్పుడింకొకటి గుర్తొచ్చింది. ఆ రోజు తను బండెక్కేసరికి నాబు బయటికి లాగి ఉంది, చివరిదాకా. స్టార్ట్ చెయ్యడానికి తనే దాన్ని లోపలికి నొక్కాడు. యలమంద ఇంజను ఆపాలని లాగాడు, ఆగలేదు. కళ్ళ ముందే సాక్ష్యం ఉంటే తన చేత్తోనే తుడిచేశాడు.

*

మనిషి మంచివాడైనా భయం ముందు వస్తుంది, మంచితనం తర్వాత వస్తుంది. సిలారు ఆ సాయంత్రం చేసిన మొదటి పని పాత సామాన్ల కుప్ప వెతకడం. సరైన గిన్నె ఒకటి దొరికింది. సొట్టలు తీసి, పుల్లతో కొలిచి, లోపల కొత్తగా గీత గీసి, బండికి బిగించేశాడు. ట్రాక్టరు గిన్నెని గోనెపట్టా కింద పెట్టాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. రెండేళ్ళ తర్వాత అది రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుని, నిదానంగా తిరిగింది. ఇంక ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే పేరయ్య మోటారు సైకిలు మీద వచ్చాడు. వెనక కోటిరత్నం. ఆమె చేతికి ఇప్పటికీ అప్పుడప్పుడు వాపు వస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తున్నారు. ఇంజను చప్పుడు విని పేరయ్య మొహం విప్పారింది.

"వారినీ! లేపావయ్యా!"

సిలారు టీ తెప్పించాడు. కోటిరత్నం గ్లాసు ఎడమచేత్తో అందుకుంది. కుడి మణికట్టు కొంచెం పక్కకి తిరిగి అతుక్కుంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, టీ ఊదుకుంటూ అడిగింది:

"యలమంద ఎట్టా ఉన్నాడు సిలారూ? ఇటేగా పోతాడు."

"ఆ కబుర్లు ఇప్పుడెందుకు?" అన్నాడు పేరయ్య.

"ఎందుకేంది, మనిషేగా. మొన్న ఎండాకాలం కూడా ఇంటికొచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడయ్యా. వద్దంటే వినలా. నా కాలే తప్పిందమ్మా, నేనే తొక్కాను అని ఏడిచాడు. పెద్ద మనిషి ఏడుస్తుంటే చూళ్ళేకపోయా."

సిలారు తల ఎత్తాడు. "ఆయనే ఒప్పుకున్నాడా పిన్నీ?"

"ఒప్పుకోక ఏం చేస్తాడు? నువ్వే చెప్తివిగా బండిలో తప్పు లేదని," అన్నాడు పేరయ్య.

చెప్పాల్సిన మాట అప్పుడు నోటిదాకా వచ్చింది. బ్రేకులు ఎలా వచ్చాయని పేరయ్య అడిగాడు. సిలారు బ్రేకుల గురించి చెప్పాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయనే ఒప్పుకున్నాడంటే నిజంగా కాలు తప్పే ఉంటుందేమో, ఆయిలు సంగతి వేరేమో అని ఇంటికి నడుస్తూ సిలారు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. పది అడుగులు వేసేసరికి బయటికి లాగి ఉన్న ఆ నాబు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. తన మీద తనకే రోత పుట్టింది.

*

గురువారం పొద్దున సిలారు షెడ్డు తియ్యకుండా నేరుగా కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాడు. యలమంద గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గేటు గొలుసు ఒళ్ళో ఉంది. లారీ వస్తే లేచి గొలుసు తీస్తాడు, పోయాక మళ్ళీ వేస్తాడు.

"ఏం తమ్ముడూ, ఇట్టా వచ్చావు?"

"అన్నా, నీ కాలు తప్పలేదు."

యలమంద గొలుసు వైపు చూశాడు. "రెండేళ్ళు పోయాక ఇప్పుడెందుకులే ఆ గోల."

సిలారు నిలబడే అంతా చెప్పాడు. గిన్నె, గీత, గొట్టం, మరక. నాబు సంగతి కూడా. మధ్యలో ఒక లారీ వచ్చింది. యలమంద లేచి గొలుసు తీసి, లారీని పంపించి, గొలుసు వేసి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఆయిలు ఎప్పుడు పోశావన్నా?"

"ఆ రోజు పొద్దున్నే. గీత దాకా పోశా. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు."

"చూశావా మరి!"

"ఏం చూడాల? నేనే తొక్కాను సిలారూ." యలమంద గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు. ఎప్పుడో తేలిపోయిన విషయం చెప్పినట్టు చెప్పాడు. "మొదట్లో నాకూ బ్రేకు తొక్కినట్టే ఉండేది. నువ్వొచ్చి చూసి తప్పు లేదన్నావు. నీకంటే ఆ బండి సంగతి ఇంకెవరికి తెలుసు? బండిలో లేకపోతే ఇంక నా కాల్లోనే ఉండాలిగా. ఆలోచించగా ఆలోచించగా గుర్తొచ్చింది. కాలు పోయి ఆ పెడలు మీద పట్టం, చెప్పుకి బురదుంటే జర్రున జారటం, అన్నీ గుర్తొచ్చినయ్."

"ఫిబ్రవరిలో బురదెక్కడిదన్నా?"

యలమంద తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"కళ్లంలో మిరపకాయలు ఎండబోసే రోజులు. నేల నెర్రెలిచ్చి ఉంది. బురదెక్కడిది?"

"అదేందో మరి," అన్నాడు యలమంద. "నాకు మాత్రం బురద గుర్తుంది."

సిలారుకి ఏడుపొచ్చినంత పనైంది. యలమంద తనమీద కోపంతో రోడ్డుకి అవతలి పక్కన పోతున్నాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తిట్టించుకోవడానికి సిద్ధపడే వచ్చాడు. ఇక్కడ తిట్టే మనిషే లేడు. తన మాట నమ్మి, దానికి తగ్గట్టు జరగని జ్ఞాపకం కూడా అల్లుకున్నాడు యలమంద.

"ఇదివరకు నీకు మోపెడ్డు ఉండేదిగా, ఏమైందన్నా?"

"అమ్మేశా. ఎవరిని గుద్దుతానో ఏమో. మనవరాలు బడికి ఎక్కించుకోమంటే నడిపించుకునే తీసుకుపోయా."

"రేపు పొద్దున షెడ్డుకి రా. నీ కళ్ళకి చూపిస్తా."

"నామీద జాలితో చెప్తన్నావు. నేను రాను." యలమంద గొలుసుని మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

సిలారు షెడ్డుకి వచ్చి గోనెపట్టా కింద నుంచి ట్రాక్టరు గిన్నె తీశాడు. ఇప్పుడే బాగుచేసిన ఇంజనుని మళ్ళీ ఆ పరుగు పెట్టిస్తే లోపల ఏ కడ్డీ వంగుతుందో, ఏ పిస్టను పోతుందో చెప్పలేం. దానికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ఇంజన్లు మార్చే సిలారు ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టి, ఇంకో మనిషి మీదకి తోశాడని రేపటికల్లా నాలుగూళ్ళూ చెప్పుకుంటాయి. చెప్పుకోనీ అనుకున్నాడు. ఒక చదునైన చెక్క తీసుకుని, దానికి పాత లారీ ట్యూబు ముక్క కోసి మేకులు కొట్టాడు. గాలి పీల్చే మూతి మీద అది అదిమితే ఎంతటి ఇంజనైనా ఊపిరాడక ఆగాల్సిందే.

*

శుక్రవారం ఏడింటికే పేరయ్యా కోటిరత్నం వచ్చారు. ఆమె సంచిలో కొబ్బరికాయ, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు, పసుపు, కుంకుమ ఉన్నాయి. పికప్పు షెడ్డు ముందు నిలబడి ఉంది. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా సిలారు పెద్ద పెద్ద రాళ్ళు పెట్టాడు.

"ఈ రాళ్ళేందయ్యా? బ్రేకులు లేవా?" అన్నాడు పేరయ్య.

"ఉన్నయి బాబాయ్. కొబ్బరికాయ కాసేపు ఆగండి పిన్నీ. ఒక మాట చెప్పాలి."

చెప్పాడు. రాత్రంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఈ గిన్నె బిగించింది నేను. గీత దాకా పొయ్యమంది నేను. మర్నాడొచ్చి ఇది తీసి చూడకుండా బండిలో తప్పు లేదన్నది నేను," అని ముగించాడు.

పేరయ్య మొహం ఎర్రబడింది. "ఏం మాట్లాడతన్నావు? ఆ మనిషే ఒప్పుకున్నాక నువ్వొచ్చి ఇప్పుడు..."

"అదిగో, యలమంద," అంది కోటిరత్నం.

రోడ్డుకి అవతలి పక్కన యలమంద సైకిలు దిగి, హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు. రానన్న మనిషి వచ్చాడు, కానీ రోడ్డు దాటలేకపోతున్నాడు. కోటిరత్నం ఆ వంకర చేతినే ఎత్తి పిలిచింది. "ఇటు రా యలమందా!" ఆ చెయ్యి పిలిస్తే రాకుండా ఉండటం అతని వల్ల కాలేదు. సైకిలు నడిపించుకుంటూ వచ్చి స్టాండు వేశాడు.

"సీట్లో కూర్చో అన్నా. చెప్పులు కింద వదిలెయ్యి. రెండు కాళ్ళూ సీటు మీదకి మడుచుకుని కూర్చో."

"నేనా బండెక్కను. నేను ఒప్పుకున్నాగా సిలారూ, ఇంకెందుకు?"

"కూర్చోవయ్యా," అంది కోటిరత్నం. "నేనిక్కడే తలుపు దగ్గర నిలబడతా."

యలమంద చెప్పులు వదిలి ఎక్కాడు. భోజనానికి కూర్చున్నట్టు సీటు మీద కాళ్ళు మడుచుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టీరింగు మీద పెట్టాడు. సిలారు గేరు తీసేసి ఉందని రెండుసార్లు చూసుకున్నాడు. ట్రాక్టరు గిన్నెలో గీత దాకా ఆయిలు పోసి అందరికీ చూపించి, క్లిప్పులు వేశాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. బానెట్టు దగ్గరికి వచ్చి యాక్సిలరేటరు తీగని చేత్తో ఒకసారి లాగి వదిలాడు. ఇంజను లేచింది, మళ్ళీ దిగింది. పేరయ్య పెదవి విరిచాడు. సిలారు రెండోసారి ఇంకా గట్టిగా లాగి వదిలాడు. అదీ దిగింది. మూడోసారి లాగి పట్టుకుని, వదిలేసి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు.

ఇంజను దిగలేదు.

ముందు చప్పుడు మారింది. తర్వాత అరుపు మొదలైంది. పెరిగి పెరిగి షెడ్డు రేకులు గలగలలాడాయి. వెనక నుంచి తెల్లటి పొగ రోడ్డు మీదకి ఉబికింది. బండి మొత్తం రాళ్ళ మధ్య వణికిపోతోంది. పేరయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. కోటిరత్నం తలుపు వదల్లేదు.

"నాబు లాగన్నా!" అని అరిచాడు సిలారు.

యలమంద లాగాడు. చివరిదాకా బయటికొచ్చింది. ఇంజను ఆగలేదు. మళ్ళీ నొక్కి మళ్ళీ లాగాడు. ఆగలేదు. అప్పుడు అతను తల వంచి తన కాళ్ళ వైపు చూశాడు. రెండూ సీటు మీద, మోకాళ్ళ కింద మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. కింద మూడు పెడళ్ళూ ఖాళీగా ఉన్నాయి.

సిలారు చెక్క ఎత్తి గాలి మూతి మీద రెండు చేతులతో అదిమాడు. ఇంజను ఒక్కసారి గుక్కపట్టి, దబదబ కొట్టుకుని, చచ్చిపోయింది.

పొగ మెల్లగా పక్కనున్న పత్తిచేను మీదకి పోయింది. యలమంద కాళ్ళు కిందికి దించకుండా అలాగే కూర్చున్నాడు.

"ఇట్టాగే," అన్నాడు చివరికి. "ఇట్టాగే అరిచింది. బ్రేకు తొక్కి పట్టుకున్నా, లాక్కుపోయింది. నాబు లాగాను." ఒక అరికాలు చేత్తో తడుముకున్నాడు. "బురద లేదు."

కోటిరత్నం కొంగుతో కళ్ళొత్తుకుంది. పేరయ్య తువ్వాలు నడుముకి బిగించుకుని వంగి చక్రాల కింద రాళ్ళు తియ్యడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే ఎత్తి గోడ పక్కన పెడుతున్నాడు. సాయం చెయ్యబోయిన సిలారుని చేత్తో అవతలికి నెట్టేశాడు.

యలమంద దిగాడు. చెప్పులు వేసుకోలేదు. సిలారు ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ గిన్నె తియ్యడానికి ఎంతసేపు పడద్దిరా?"

సిలారు గిన్నె వైపు చూశాడు.

"చెప్పు. ఆ రోజు నువ్వు కళ్లానికి వచ్చినప్పుడు, అది తీసి చూట్టానికి ఎంతసేపు పట్టేది?"

"రెండు క్లిప్పులన్నా," అన్నాడు సిలారు. "పానా కూడా అక్కర్లేదు."

యలమంద తల ఊపాడు. బానెట్టు దగ్గరికి వెళ్ళి, రెండు వేళ్ళతో రెండు క్లిప్పులూ లేపి, గిన్నె ఊడదీసి నేల మీద పెట్టాడు. సిలారు సరైన గిన్నె అందించాడు. యలమంద దాన్ని వెలుతురులోకి తిప్పి కొత్త గీత చూశాడు. గొట్టాన్ని వేలితో కొలిచి, గిన్నెలో వేలు పెట్టి సరిచూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. అప్పుడు తనే ఆయిలు పోసి, తనే బిగించాడు. సిలారు వైపు మాత్రం మళ్ళీ చూడలేదు. క్షమించమని అడిగే ధైర్యం సిలారుకి లేకపోయింది.

కోటిరత్నం కొబ్బరికాయ కొట్టలేదు. సంచి తీసుకుని అటువైపు తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. "పద యలమందా. నర్సరీకి పోయి ట్రేలు ఎత్తుకోవాలి, ఎండెక్కితే నారు వాడిపోద్ది."

"గేటు డ్యూటీ ఉందమ్మా."

"నేను ఫోన్ చేసి చెప్తాలే," అన్నాడు పేరయ్య ఆఖరి రాయి పట్టుకుని. యలమంద మొహంలోకి చూడలేక రాయి వైపే చూస్తూ అన్నాడు.

యలమంద ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఉత్త కాళ్ళతోనే ఒక్కో పెడలూ తొక్కి చూసుకున్నాడు. బండి స్టార్టయింది, మెల్లగా రోడ్డెక్కింది. అతని చెప్పులు షెడ్డు ముందే ఉండిపోయాయి.

సిలారు వాటిని తీసి బల్ల మీద పెట్టి, రోడ్డు వైపు చూశాడు. అక్కడి నుంచి మలుపు దాకా దారి తిన్నగా ఉంటుంది. ఎదురు బండి లేదు, గేదె లేదు, మనిషి లేడు. అయినా పికప్పు వెనక బ్రేకు లైటు వెలిగింది. ఆరింది. కొంచెం దూరం పోయాక మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. మలుపు తిరిగేదాకా అలా ఎన్నిసార్లు వెలిగిందో. యలమంద తొక్కినప్పుడల్లా అది బ్రేకే అయింది.

సిలారు లోపలికి వచ్చి ట్రాక్టరు గిన్నెలో ఆయిలు ఒలకబోశాడు. దాన్ని పారెయ్యలేదు. లోపలి గీత కనపడేట్టు తిప్పి, పానాలు పెట్టుకునే మేకుల వరసలో ఒక మేకుకి తగిలించాడు.